డబ్బాలో లేని రాకుమార్తెలు

క్లుప్తంగా: డిస్నీ కంపెనీ తన సినిమాల కథానాయికలను ఒకచోట చేర్చి అమ్మే బ్రాండు ‘డిస్నీ ప్రిన్సెస్’. దాని అధికారిక జాబితాలో ఇప్పుడు 13 మంది ఉన్నారు. రాజవంశంతో ఏ సంబంధమూ లేని ములాన్ అందులో ఉంది, పట్టాభిషేకం జరిగిన ఎల్సా లేదు. కారణం కథలో దొరకదు, బొమ్మల వ్యాపారంలో దొరుకుతుంది. పుట్టుకనూ పెళ్లినీ పక్కనపెట్టి ప్రజల భారం ఎవరు మోశారని చూస్తే, బయట మిగిలిపోయిన కీడా, నౌసికా, సాన్, లెయా అనే సినిమా నాయికల వాదన లోపలున్న చాలామంది కన్నా గట్టిది. అయితే జాబితాలో చోటు దొరకడం ఆ పాత్రలకు లాభమేనా అన్నది వేరే ప్రశ్న.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయిదేళ్ల పాప పుట్టినరోజుకు వెళ్తే, కేకు మీద లేత నీలం గౌను, భుజం మీదుగా ముందుకు వేసుకున్న తెల్లటి జడ కనిపించడం మామూలే. ఆమె ఎల్సా. 2019లో వచ్చిన ‘ఫ్రోజెన్ 2’ తెలుగు వెర్షన్‌లో పెద్ద ఎల్సాకు నిత్యా మేనన్, చిన్నప్పటి ఎల్సాకు మహేశ్ బాబు కూతురు సితార గొంతు ఇచ్చారు. దాంతో మనవైపు ఆ పేరు ఇంకా బాగా పాకింది. చిక్కంతా బొమ్మల దుకాణంలో వస్తుంది. ‘డిస్నీ ప్రిన్సెస్’ అని రాసి ఉన్న డబ్బా కొనుక్కొచ్చి విప్పితే అందులో ఎల్సా ఉండదు. ఆమె చెల్లెలు ఆనా కూడా ఉండదు. మగవేషంలో యుద్ధానికి వెళ్లిన ములాన్ మాత్రం ఉంటుంది. ములాన్ తండ్రి రాజు కాదు, కాలు సరిగా పనిచేయని పాత సైనికుడు. ఆమె మనసుపడ్డ షాంగ్ రాకుమారుడు కాదు, సైన్యంలో కెప్టెన్.

మరి ‘ప్రిన్సెస్’ అంటే ఎవరు?

ఒక మాట వెనక రెండు సంగతులు

ఈ ప్రశ్నకు ఇంగ్లిష్‌లో కన్నా తెలుగులో జవాబు వెతుక్కోవడం తేలిక. మనకు ‘రాకుమారి’ ఉంది, ‘యువరాణి’ ఉంది. రాకుమారి అంటే రాజుగారి బిడ్డ, అంతే. ఆమె ఏమీ చేయనక్కర్లేదు, పుడితే చాలు. యువరాణి అనే మాట యువరాజు పక్కన పుట్టింది. యువరాజు అంటే పట్టాభిషేకానికి ముందే రాజ్యభారంలో పాలు పంచుకోవలసినవాడు. యువరాజు భార్యనూ యువరాణి అనే అంటారు, జానపద సినిమాల్లో చెలికత్తెలైతే ఏ పిలుపు నోటికొస్తే అది పిలిచేస్తారు. వాడుకలో రెండూ కలిసిపోయిన మాట నిజమే. కానీ లోపలి తేడా అలాగే ఉంది. ఒకటి పుట్టుక, రెండోది బాధ్యత. ఇంగ్లిష్ మాట ఈ రెండిటినీ ఒకే గౌనులో చుట్టేస్తుంది.

అలా చుట్టేయడం ఎంత దూరం పోతుందో పోకహాంటస్ చరిత్ర చూపిస్తుంది. ఆమె 17వ శతాబ్దం మొదట్లో వర్జీనియా ప్రాంతంలో బతికిన నిజమైన మనిషి, పోవటన్ అనే పెద్ద నాయకుడి కూతురు. ఇంగ్లండ్ తీసుకెళ్లినప్పుడు ఆమెను అక్కడివాళ్లు ‘ప్రిన్సెస్’ అని పరిచయం చేశారు. తిరుగు ప్రయాణంలో, 1617లో, ఇంగ్లండ్‌లోని గ్రేవ్‌సెండ్ దగ్గర చనిపోయింది. పోవటన్ ప్రజల్లో నాయకత్వం తల్లివైపు నుంచి, అంటే తమ్ముళ్లకు, అక్కచెల్లెళ్లకు, అక్కచెల్లెళ్ల పిల్లలకు వెళ్లేది. నాయకుడి సొంత కూతురికి వారసత్వం రాదు. కాబట్టి ‘ప్రిన్సెస్’ అన్నది ఆమె ఊళ్లో లేని హోదా. వలస వచ్చినవాళ్లు తమకు తెలిసిన మాటను ఆమెకు తగిలించారు. ఆమె కథతో డిస్నీ తీసిన 1995 సినిమా నాటికి ఆ తగిలింపు స్థిరపడిపోయింది.

మన చరిత్రలో దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ఉంది. కాకతీయ గణపతిదేవుడి కూతురు రుద్రమ దాదాపు 1262 నుంచి 1289 వరకు ఓరుగల్లు కేంద్రంగా పాలించింది. శాసనాల్లో ఆమె పేరు చాలాచోట్ల ‘రుద్రదేవ మహారాజు’ అని మగపేరుగానే కనిపిస్తుంది. నల్లగొండ వైపు దొరికిన చందుపట్ల శాసనం ఆమె మరణం గురించి చెబుతుంది. ములాన్ మగవేషం వేసింది యుద్ధం అయ్యేదాకా. రుద్రమకు రాజ్యమే ఒక మగపేరు అడిగింది. 2015లో గుణశేఖర్ తీసిన సినిమాలో అనుష్క ఆ పాత్ర వేసింది. పుట్టుకా బాధ్యతా రెండూ పూర్తిగా ఉన్న రాకుమార్తె ఇక్కడ ఉంది. అయినా బొమ్మల అరలో ఆమె కనిపించదు.

2000 నాటి వంశం

స్నో వైట్ సినిమా 1937 నాటిది, సిండ్రెల్లా 1950 నాటిది. ‘డిస్నీ ప్రిన్సెస్’ అన్న కుటుంబం మాత్రం అంత పాతది కాదు. నైకీ నుంచి డిస్నీ వస్తువుల విభాగానికి వచ్చిన ఆండీ మూనీ ఫీనిక్స్ నగరంలో మంచు మీద జరిగే డిస్నీ ప్రదర్శనకు వెళ్లాడు. అక్కడ చిన్నపిల్లలు ఇంట్లో కుట్టించుకున్న రాకుమారి గౌన్లు వేసుకుని వరుసలో నిలబడి ఉన్నారు. ఆ గౌన్లలో ఒక్కటీ కంపెనీ అమ్మింది కాదు. పిల్లలు అడుగుతున్నారు, అమ్మేవాడు లేడు. వేర్వేరు సినిమాల కథానాయికలను ఒకే గొడుగు కిందికి తెచ్చి అమ్మాలన్న ఆలోచన అక్కడ పుట్టింది.

కంపెనీలో దీనికి అడ్డు లేకపోలేదు. వేర్వేరు కథల మనుషులను కలిపేస్తే వాళ్ల లోకాలు చెడిపోతాయన్నది పాతతరం భయం. అందుకే ఒక వింత కట్టుబాటు పెట్టుకున్నారు. ఒకే టిఫిన్ డబ్బా మీద ఆరుగురు రాకుమార్తెలు పక్కపక్కన నిలబడినా, ఒకరి కళ్లలోకి ఒకరు చూడకూడదు. పాత బొమ్మ ఏదైనా ఇంట్లో ఉంటే గమనించవచ్చు: ఒకే బస్టాపులో నిలబడ్డ అపరిచితుల్లా తలా ఒక దిక్కు చూస్తుంటారు. లెక్కలు మాత్రం ఒకే దిక్కుకు వెళ్లాయి. 2001లో 30 కోట్ల డాలర్లున్న అమ్మకాలు 2006 నాటికి 300 కోట్ల డాలర్లకు చేరాయి.

అంటే ఈ ‘వంశం’ నెలకొన్నది దుకాణం అర మీద. సభ్యత్వం నిర్ణయించే ప్రశ్న కూడా అక్కడిదే: ఈ అమ్మాయి మిగతావాళ్ల పక్కన నిలబడితే సెట్టు అమ్ముడుపోతుందా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే జాబితాలోని వింతలన్నీ విడిపోతాయి.

ఎల్సా సంగతే తీసుకోండి. 2013లో వచ్చిన ‘ఫ్రోజెన్’ ప్రపంచవ్యాప్తంగా 120 కోట్ల డాలర్లు దాటింది. సొంతంగా అంత అమ్ముడుపోయే పేరును 13 మందిలో ఒకరిగా కలపడం వ్యాపారికి నష్టం. ఆమెది విడి బ్రాండు. అంతకుముందు ‘పీటర్ పాన్’లోని చిన్న దేవకన్య టింకర్ బెల్ విషయంలోనూ ఇదే జరిగింది. మొదట్లో రాకుమార్తెల మధ్య కనిపించి, తర్వాత దేవకన్యల పేరుతో వేరే వరుసకు మారింది.

కీడాది దీనికి తలకిందుల కథ. 2001 నాటి ‘అట్లాంటిస్’లో ఆమె రాజు కూతురు, కథ చివర్లో రాణి. మునిగిపోయిన నగరంలో తమ లిపి తామే చదవలేని స్థితికి వచ్చిన జనం మధ్య, మా చరిత్ర ఏమిటని అడిగే ఒకే ఒక్క మనిషి ఆమె. పరాయివాళ్ల సాయంతో ఆ లిపి చదివించి, ఆఖరికి నగరాన్ని కాపాడటానికి తన శరీరాన్నే స్ఫటికానికి అప్పగిస్తుంది. పుట్టుక ఉంది, బాధ్యత ఉంది, త్యాగం కూడా ఉంది. సినిమాకు మాత్రం కంపెనీ ఆశించినంత డబ్బు రాలేదు. 1985 నాటి ‘ది బ్లాక్ కాల్డ్రన్’లోని ఐలాన్వీ సైతం పుట్టుకతో రాకుమారే. ఆ సినిమాకు సుమారు 4.4 కోట్ల డాలర్లు ఖర్చయితే అమెరికాలో వచ్చింది 2.1 కోట్ల డాలర్లు. ఆమె పేరు ఇప్పుడు క్విజ్‌లలో తప్ప వినపడదు. ‘ఎన్‌చాంటెడ్’ నాయిక జిసెల్ విషయంలో, ఆ పాత్ర వేసిన నటి ఎమీ ఆడమ్స్ ముఖాన్ని బొమ్మల మీద వాడుకోవాలంటే హక్కుల డబ్బు చెల్లించాల్సి రావడమే అడ్డయిందని అప్పట్లో కథనాలు వచ్చాయి.

పురుగులను ప్రేమించినది, తోడేలు పెంచినది

జాబితా సంగతి కాసేపు మరిచి సినిమాలనే చూస్తే, ‘ఈమె రాకుమార్తె ఎందుకు కాదు’ అని అడగడానికి అన్నిటికన్నా గట్టి ఆధారం జపాన్‌లో ఉంది.

జపాన్‌లో వందల ఏళ్ల నాటి ఒక చిన్నకథ ఉంది. ఓ పెద్దింటి అమ్మాయికి సీతాకోకచిలుకల మీద కన్నా గొంగళిపురుగుల మీద ఇష్టం. ఆ రోజుల్లో గొప్పింటి ఆడపిల్లలు కనుబొమలు తీయించుకుని, పళ్లకు నల్లరంగు వేసుకునేవారు. ఈమె రెండూ చేయదు. దర్శకుడు హయావో మియజాకీకి ఈ అమ్మాయి మనసులో ఉండిపోయింది. గ్రీకు పురాణం ‘ఒడిస్సీ’లోని రాకుమారి పేరు తీసుకుని, ఈ పురుగుల అమ్మాయి స్వభావం కలిపి, 1984లో ‘నౌసికా’ తీశాడు.

నౌసికా గాలిలోయ అనే చిన్న రాజ్యపు రాకుమారి. యంత్ర నాగరికత తనను తాను కాల్చుకుని వెయ్యేళ్లయింది. భూమి మీద విషపు శిలీంధ్రాల అడవి వ్యాపిస్తోంది, అందులో పెద్ద పెద్ద పురుగులు తిరుగుతున్నాయి. పొరుగు రాజ్యాలకు తోచిన దారి ఒక్కటే, ఆ అడవిని తగలబెట్టడం. నౌసికా ఏం చేస్తుందంటే, కోట కింది గదిలో రహస్యంగా ఆ విషపు మొక్కలనే పెంచుతుంది. లోతు బావి నీళ్లు పోసి, శుభ్రమైన మట్టిలో పెంచితే వాటిలో విషం లేదు. విషం మొక్కది కాదు, నేలది. అడవి ఆ నేలను శుద్ధి చేస్తోంది. శత్రువు అనుకున్నది వైద్యుడని తేలడం కథ మొత్తానికి కీలకం, దాన్ని తేల్చింది కత్తి కాదు, ఒక అమ్మాయి ఓపికగా చేసిన ప్రయోగం.

ఆమె కోపం లేని దేవత అనుకుంటే పొరపాటు. మంచం పట్టిన తండ్రిని దండెత్తి వచ్చిన సైనికులు చంపినప్పుడు వాళ్లను అక్కడికక్కడే నరుకుతుంది. తర్వాత తన చేతులు చూసుకుని భయపడుతుంది. తన జనం ప్రాణాల కోసం బందీగా వెళ్తుంది. ఆ దండు నడిపిన కుషానా కూడా రాకుమారే కావడం ఇక్కడ గమనించాల్సింది. పురుగుల వల్ల చేయి పోగొట్టుకుని లోహపు చేయి పెట్టుకున్న ఆమెది కాల్చేద్దామన్న పక్షం. ఒకే సినిమాలో ఇద్దరు రాకుమార్తెలు, రెండు రాజనీతులు. అందాల పోటీ లేదు, మధ్యలో ఒక యువరాజు కోసం తగవు లేదు.

ఈ సినిమా 1985లో అమెరికా వెళ్లినప్పుడు ఇరవై నిమిషాలకు పైగా కోసేశారు. ప్రచార చిత్రం మీద కథకు సంబంధమే లేని మగవీరులను ముందు నిలబెట్టారు. రాకుమార్తె వెనక ఎక్కడో మిగిలింది. సినిమా అమ్మాలంటే ముందు ఆమెను దాచాలని అప్పటి వ్యాపారులు అనుకున్నారన్నమాట.

1997 నాటి ‘ప్రిన్సెస్ మోనొనొకె’ ఇంకో అడుగు వేసింది. పేరులోనే ‘ప్రిన్సెస్’ ఉంది, కథలో మాత్రం సాన్ ఏ రాజు కూతురూ కాదు. అడవిని చెరిపిన తల్లిదండ్రులు, మోరో అనే తోడేలు దేవత తరుముకొస్తే పసిపిల్లను దాని ముందు పడేసి పారిపోయారు. ఆ తోడేలే పెంచింది. ‘మోనొనొకె’ అంటే పట్టి పీడించే భూతం లాంటిది, ‘హిమె’ అంటే రాకుమారి. ఇది ఆమె పేరు కాదు, ఇనుప కొలిమి ఊరివాళ్లు భయంతో పెట్టిన పిలుపు. తొలిసారి దగ్గరగా కనిపించేటప్పుడు ఆమె తోడేలు గాయంలోని రక్తం నోటితో పీల్చి ఉమ్ముతూ ఉంటుంది. గులాబీ డబ్బాలో కూర్చోబెట్టడం కష్టమే.

ఈ కథలో నిజంగా రాచబిడ్డ అని చెప్పదగ్గవాడు అషితాక, ఎమిషి తెగ యువరాజు. అతను ఆమెను ప్రేమిస్తాడు. అయినా చివర్లో పెళ్లి లేదు, అతని వెంట ఊరికి వెళ్లడమూ లేదు. మనుషులను క్షమించలేనని చెప్పి సాన్ అడవికి వెళ్లిపోతుంది. అడవి ఆమె రాజ్యం, కాబట్టి రాజ్యం వదిలి పోలేదు. తెలుగు మాటల్లో చూస్తే ఆమె రాకుమారి కాదు, యువరాణి. ఈ సినిమాను 1999లో అమెరికాలో విడుదల చేసింది అప్పట్లో డిస్నీ చేతిలో ఉన్న మిరామాక్స్. సాన్ అలా డిస్నీ గుమ్మం దాకా వచ్చి వెళ్లింది.

గుమ్మం లోపలికి వచ్చేసినవాళ్లూ ఉన్నారు. 2012లో లూకస్ ఫిల్మ్‌ను డిస్నీ దాదాపు 400 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ‘స్టార్ వార్స్’ లెయా కూడా ఆ కొనుగోలుతో వచ్చింది. 1977 సినిమాలో ఆమెను విడిపించడానికి వచ్చిన మగవాళ్లకు తప్పించుకునే దారి తెలియదు. ఆమే తుపాకీ లాక్కుని గోడకు కన్నం పెట్టి చెత్తగుంటలోకి దూకమంటుంది. కళ్లముందే ఆమె గ్రహాన్ని పేల్చేస్తారు. ఏలడానికి నేల లేని రాకుమారి తర్వాతి సినిమాల్లో జనరల్ అవుతుంది. 2016 డిసెంబరులో ఆ పాత్రధారి క్యారీ ఫిషర్ చనిపోయినప్పుడు, లెయాను అధికారికంగా జాబితాలో చేర్చమని అభిమానులు ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించారు. చేర్చలేదు. 2001 నాటి ‘ష్రెక్’ నాయిక ఫియోనా మాత్రం పోటీ స్టూడియో అయిన డ్రీమ్‌వర్క్స్ సొత్తు. శాపం తీరాక అందగత్తెగా మారుతుందనుకున్న చోట ఆమె ఆకుపచ్చ రాకాసి రూపంలోనే మిగిలిపోయి హాయిగా ఉంటుంది.

తెలుగు తెర మీద

మన జానపదాల్లో రాకుమారి చాలాకాలం గెలుచుకోవలసిన బహుమతి. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటమాలి కొడుకు రాముడు సంపద తెచ్చి చూపాలి, మాంత్రికుడు ఎత్తుకుపోతే మళ్లీ తీసుకురావాలి. కథంతా ఆమె చుట్టూ తిరుగుతుంది గాని నడిపేది ఆమె కాదు.

1957 ‘మాయాబజార్’ దీన్ని ఒక చమత్కారంతో దాటింది. శశిరేఖ బలరాముడి కూతురు, ఇష్టంలేని పెళ్లికి సిద్ధం చేస్తున్నారు. ఆమె స్థానంలో ఘటోత్కచుడు ఆమె రూపంతో వస్తాడు. సావిత్రి ఒకే ముఖంతో సుకుమారమైన రాకుమారినీ, లోపల మీసం మెలేస్తున్న రాక్షసుడినీ చూపించింది. పెళ్లికొడుకు కాలు తొక్కే ఆ శశిరేఖ మొత్తం రాకుమారి వేషాన్నే ఆటపట్టిస్తుంది. హాలీవుడ్‌కు ఇలాంటి హాస్యం రావడానికి ఫియోనా దాకా, అంటే ఇంకో 44 ఏళ్లు పట్టింది.

‘బాహుబలి’ దేవసేన దగ్గరికి వచ్చేసరికి రాకుమారి కాదనడం నేర్చుకుంది. మాహిష్మతి నుంచి నగలతో వచ్చిన పెళ్లి సంబంధాన్ని ఆమె తిప్పికొట్టే తీరు, గుడి వరుసలో ఆడవాళ్ల మీద చేయి వేసినవాడి వేళ్లు నరికే సన్నివేశం జనానికి బాగా గుర్తున్నాయి. ఆ తర్వాత పాతికేళ్లు గొలుసులతో బందీగా ఉంటూ చితి కోసం పుల్లలు ఏరుతుంది. నెరిసిన జుట్టు, మాసిన చీర, చేతిలో పుల్లలు. కథానాయిక రాకుమార్తెను ఆ వయసులో, ఆ అవతారంలో అంతసేపు చూపించిన పెద్ద బడ్జెట్ సినిమాలు ఏ భాషలోనూ ఎక్కువ లేవు.

లోపలికి వెళ్తే ఏమవుతుంది

అభిమానులు చేర్చమని అడుగుతున్నారు సరే, చేరినవాళ్లకు ఏమైందో మెరిడా చెబుతుంది. 2012 నాటి ‘బ్రేవ్’లో ఆమె స్కాట్లండ్ రాకుమారి. స్వయంవరం లాంటి పోటీ పెడితే, తన చేతికోసం తనే విల్లు పట్టి బాణం వేస్తుంది. దువ్వెనకు లొంగని ఎర్రటి జుట్టు ఆమె గుర్తు. 2013 మేలో జాబితాలో చేర్చే సందర్భంలో విడుదల చేసిన కొత్త బొమ్మలో నడుము సన్నబడింది, జుట్టు అలలు తిరిగింది, విల్లు మాయమైంది. ఆ పాత్రను సృష్టించిన దర్శకురాలు బ్రెండా చాప్మన్ బహిరంగంగా తప్పుపట్టారు. వ్యతిరేకంగా 2 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ములాన్‌కు ఇది అంతకుముందే జరిగింది. బొమ్మల్లో ఆమె ఎక్కువగా కనిపించేది కవచంలో కాదు, పెళ్లిళ్ల పేరమ్మ దగ్గర పరువు పోయిన రోజున బలవంతంగా కట్టుకున్న దుస్తుల్లో.

అంటే ఈ జాబితా ఒక జల్లెడలా పనిచేస్తుంది. పాత్ర లోపలికి వెళ్తుంది, ఆమెను వేరుగా నిలబెట్టినది బయటే రాలిపోతుంది.

సినిమాల్లో మాత్రం మార్పు తిన్నగా సాగలేదు. కార్మెన్ ఫాట్, కరెన్ ఐసెన్‌హవర్ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు రాకుమార్తెల సినిమాల్లో ఎవరెంత మాట్లాడారో లెక్కవేసి 2016లో బయటపెట్టారు. ‘స్లీపింగ్ బ్యూటీ’లో అరోరా తెర మీద ఉండేది సుమారు 18 నిమిషాలే, అయినా ఆ సినిమా సంభాషణల్లో 71 శాతం ఆడవాళ్లవి. ధైర్యవంతుల తరం అని చెప్పుకున్న 1990ల సినిమాల్లో లెక్క తిరగబడింది. ‘అలాదీన్’లో 90 శాతం మాటలు మగవాళ్లవి. ఆఖరికి ‘ములాన్’లోనూ 77 శాతం మగవాళ్లవే. కారణం అంతుపట్టనిది కాదు. నాయిక మారింది గాని ఆమె చుట్టూ ఉన్న స్నేహితులు, సైనికులు, దుకాణదారులు, హాస్యగాళ్లు అందరూ అలవాటు ప్రకారం మగవాళ్లే అయ్యారు.

పిల్లల మీద ప్రభావం విషయంలోనూ తొందరపడి తేల్చలేం. అమెరికాలో సారా కోయిన్ బృందం 198 మంది చిన్నపిల్లలతో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. రాకుమార్తెల సినిమాలు, బొమ్మలతో ఎక్కువ గడిపిన పిల్లల్లో ఏడాది తర్వాత ‘ఆడపిల్లలంటే ఇలా ఉండాలి’ అనే పద్ధతి ఎక్కువగా కనిపించిందని అది చెప్పింది. అదే బృందం పిల్లలు పెద్దయ్యాక మళ్లీ చూసి 2021లో చెప్పింది దాదాపు వ్యతిరేకం: చిన్నప్పుడు రాకుమార్తెలను ఇష్టపడ్డ పిల్లల్లో స్త్రీ పురుషుల సమానత్వం గురించి మెరుగైన అభిప్రాయాలున్నాయి. కాబట్టి గౌను కొనిచ్చిన తల్లిదండ్రులు టెన్షన్ పడాల్సిన అవసరం అంతగా కనపడదు.

ఈ గందరగోళం మీద డిస్నీ తనే జోకు వేసుకున్న సందర్భం ఒకటుంది. 2012 ‘రెక్-ఇట్ రాల్ఫ్’లో వానెలపీ అనే పాప ఒక వీడియో గేమ్ లోకానికి తానే రాకుమారినని తెలిశాక, గులాబీ గౌను తీసి పక్కనపెట్టి, రాణిని కాను, ప్రెసిడెంటునవుతానంటుంది. 2018లో వచ్చిన రెండో భాగంలో ఆమె పొరపాటున 14 మంది రాకుమార్తెల గదిలోకి వెళ్తుంది. నువ్వు ఏ రకం రాకుమారివని వాళ్లు ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. నీ జుట్టులో మహిమ ఉందా, విషం పెట్టారా, శాపం తగిలిందా? ఆమె అన్నిటికీ లేదంటుంది. బలమైన మగవాడు రావడం వల్లే నీ కష్టాలన్నీ తీరాయని జనం అనుకుంటారా అని అడిగితే మాత్రం, అవును, ఎందుకలా అనుకుంటారో అంటుంది. అంతే, నువ్వూ రాకుమారివే అని అందరూ ఒప్పేసుకుంటారు. ఆ 14 మందిలో ఎల్సా, ఆనా కూడా కూర్చుని, మిగతావాళ్ల ముఖాల్లోకి చూస్తూ మాట్లాడుతుంటారు. దుకాణంలో మాత్రం వాళ్ల డబ్బా ఇప్పటికీ పక్క అరలోనే ఉంది.